‘లోపల’ – ‘వఱకు’ : వివాహశాసనములందలి యొక విభక్తివిచారము

గడచిన శ్రావణమాసమున నా పూర్వశిష్యుడొకడు శాలిబండలోని మా యింటికి వచ్చి, యొక కాగితమును నా ముందుంచి, తప్పులు దిద్దుమని కోరెను. అతడీ నగరమునందే యొక వకీలుగారి యొద్ద వ్రాయసకాడు. తలాఖు పొందిన యొక స్త్రీకిని, ఆమె పూర్వభర్తకును నడుమ పెద్దలు కుదిర్చిన రాజీపత్రమది. మూలము ఉర్దూలో నున్నది. ఆ స్త్రీ తండ్రి పాలమూరు ప్రాంతమువాడు; ఇంట మాట యుర్దూయే యైనను, అతనికి వచ్చిన చదువు తెలుగు. తాను చదువగల లిపిలో చూచుకొనినగాని సంతకము పెట్టనని యాయన పట్టుపట్టెనట. అది న్యాయమే.

పత్రమంతయు చక్కగనే యున్నది. ఒక్కచోట మాత్రము నా కన్ను నిలిచెను. మూలమున “ఇద్దత్ కే అందర్” అని యున్నదానికి మావాడు “ఇద్దత్తు వఱకు” అని తెలుగు చేసినాడు. కొట్టివైచి “లోపల” అని దిద్దితిని. అతడు నవ్వి, “లోపల యనిన నేమి, వఱకు అనిన నేమి, గురువుగారూ! సొమ్ము సొమ్మే కదా” యనెను. ఆ మాటకు నేను వెంటనే బదులు చెప్పలేదు. ముప్పది యేండ్లు వ్యాకరణము చెప్పితినిగాని, ఒక విభక్తికి ఒక స్త్రీ యన్నవస్త్రములు వ్రేలాడుచుండుట కన్నులార చూచుట నాకదియే మొదలు.

తరువాత విచారింపగా, ఈ చిన్న పదముపైననే మన దేశపు పెద్ద న్యాయస్థానములు పదునైదేండ్లు తర్కించినవని తెలిసినది. ఆ చరిత్రమును, దానికి తోబుట్టువనదగిన మన పాత వివాదమునొకదానిని, వైయాకరణదృష్టితో పరిశీలింప నెంచితిని. ధర్మశాస్త్రమందుగాని షరీయతునందుగాని నాకధికారము లేదు. పదములే నా పొలిమేర. అది దాటినచోట చదువరులు నన్ను మందలింపవచ్చును.

ఇద్దత్తనగా లెక్క. భర్త విడిచిన పిమ్మట స్త్రీ మరల వివాహమాడక వేచియుండవలసిన నియతకాలమునకు ఆ పేరు. సాధారణముగా మూడు ఋతువులు, ఋతువు లేనివారికి మూడు చాంద్రమాసములు, గర్భిణికి ప్రసవపర్యంతము. ఈ కాలమున నామె పోషణభారము విడిచినవానిదే యనుటలో ఎవరికిని వివాదము లేదు. వివాదమంతయు పిమ్మటి దినమును గూర్చినది.

ఇండోరు నగరమున 1932లో వివాహమై, 1978లో తలాఖు పొందిన షాబానో యను వృద్ధురాలి వ్యాజ్యము చదువరులకు క్రొత్త గాదు. మేజిస్ట్రేటు ఆమెకు నెలకు 25 రూపాయలిప్పించెను. మధ్యప్రదేశ్ హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలు చేసెను. 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు దానిని స్థిరపఱచెను. నిరాధారయగు భార్యకు భరణమిప్పించు నియమము క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షనులో మతభేదము లేక యున్నది. తీర్పు అంతటితో నాగియుండిన, అది యొక మామూలు భరణపు తీర్పుగనే గడచిపోయెడిదేమో. కాని న్యాయమూర్తులు ఇంకొక యడుగు వేసి, ఖురాను రెండవ సూరాలోని 241వ వాక్యమునకు అర్థనిర్ణయము చేయబూనిరి. అందు విడువబడిన స్త్రీలకు నియ్యవలసినదిగా చెప్పబడిన పదము ‘మతా’. అది భరణము గాదు, ఒక్కసారి యిచ్చు ఏర్పాటు మాత్రమే యని భర్త పక్షమువారు వాదించిరి. న్యాయస్థానము ఆంగ్లానువాదములను ముందుంచుకొని, ఈ రెంటి భేదము పేరునకే గాని పసలేనిదని త్రోసివైచెను.

ఇచట మా నగరమునకు సంబంధించిన ముచ్చటయొకటి కలదు. ఆ తీర్పునందు చూపబడిన అనువాదములలో నొకటి యబ్దుల్లా యూసుఫ్ అలీగారిది, ఇంకొకటి మార్మడ్యూక్ పిక్తాల్‌గారిది. ఇరువురును నిజాము కొలువున నుండినవారే. మొదటివారు కొంతకాలము రెవిన్యూమంత్రి. రెండవవారు చాదర్‌ఘాట్ ఉన్నతపాఠశాలకు ప్రధానాధ్యాపకులై, ప్రభువు సెలవుతో ఆ పని సాగించి, 1930లో తమ యనువాదమును ప్రకటించిరి. ఒకరు ‘మతా’ను భరణమనిరి, ఇంకొకరు దయతోడి ఏర్పాటనిరి. ఒకే ప్రభువు ఉప్పు తిన్న యిద్దరనువాదకుల నడుమ నున్న యీ యెడమును, అర్ధశతాబ్దము పిమ్మట ఢిల్లీలో భేదమే కాదనిరి. భాషాతత్త్వవేత్తలగు శ్రీ చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించిన విషయము మన పత్రికాపాఠకులెఱుగుదురు. అట్టి పనికి పూనుకొన్న యెవ్వడును రెండు పదముల నడుమ భేదము లేదని తేలికగా ననజాలడు. పర్యాయపదములనునవి కోశములందే గాని వాక్యములందు లేవు.

తీర్పుపై దేశమున నెంత యలజడి కలిగెనో చెప్పనక్కఱలేదు. మరుసటి యేడే, అనగా 1986లో, ముస్లిం స్త్రీల విడాకులహక్కుల రక్షణశాసనమని యొకటి పార్లమెంటు చేసెను. ఆ శాసనము షాబానో తీర్పును తుడిచివైచుటకే వచ్చినదని నాడు కొనియాడినవారును, తెగడినవారును గూడ నమ్మిరి. అందలి మూడవ సెక్షను భావమిది: విడువబడిన స్త్రీకి ఇద్దత్తుకాలములోపల న్యాయమును తగినదియునగు ఏర్పాటును, భరణమును, చేయబడవలెను, చెల్లింపబడవలెను. ఇద్దత్తు తీరిన పిమ్మటను పోషించుకొనజాలని స్త్రీని ఆమె వారసులగు బంధువులు పోషింపవలెననియు, వారును లేనిచో వక్ఫుబోర్డు పోషింపవలెననియు నాల్గవ సెక్షను చెప్పును.

ఇప్పుడు మా శాస్త్రమునకు వత్తము. కాలవాచకమునకు ఏ విభక్తి రావలెనను విషయమున పాణిని రెండు సూత్రములను ప్రక్కప్రక్కన నుంచెను. క్రియ కాలమునంతటిని ఎడతెగక వ్యాపించియున్నచో ద్వితీయ. క్రియ ముగిసి ఫలము చేకూఱినచో తృతీయ. తెలుగువారు సూత్రము చదువకయే యీ భేదమును నిత్యము పాటింతురు. “ఏడాది యిల్లు కట్టెను” అనినచో, ఆ యేడాది పొడవునను కట్టుచుండెనని మాత్రమే తెలియును. ఇల్లు పూర్తియైనదో, మొండిగోడలతో నిలిచిపోయినదో తెలియదు. “ఏడాదిలో నిల్లు కట్టెను” అనినచో ఇల్లు లేచినది, గృహప్రవేశమునకు పిలువవచ్చును. మఱియు నొక సంగతి గమనింపదగును: ఏడాదిలో కట్టిన యిల్లు ఏడాది గడువగనే కూలిపోదు. గడువు కట్టుటకే గాని కాపురమునకు గాదు.

శాసనమున నున్నది ‘లోపల’. ‘వఱకు’ కాదు, ‘కొఱకు’ను కాదు. అనగా ఏర్పాటు చేయుటకు ఇద్దత్తు గడువు. ఆ ఏర్పాటు నిలువవలసినది ఆమె బ్రతుకునకు. శాసనకర్తలు ఆ కాలమునకు మాత్రమే పోషణమని చెప్పదలచినచో వారికి మాటలు కఱవు గావు.

ఇంకొక విశేషము. ఆ వాక్యమున రెండు నామములు, రెండు క్రియలు నున్నవి. సమసంఖ్యగల రెండు వర్గములు చెప్పబడినపుడు వరుసక్రమముననే అన్వయము చేయవలెనని పాణినియే నియమించెను. ఆలంకారికులు దీనినే యథాసంఖ్యమందురు. మొదటి నామమునకు మొదటి క్రియ, రెండవదానికి రెండవది. ఏర్పాటు చేయబడవలెను, భరణము చెల్లింపబడవలెను. ఏర్పాటు వేఱు, భరణము వేఱు. ఒకటి భవిష్యత్తునకు, ఇంకొకటి నడుచుచున్న దినములకు.

ఈ పాఠమే తిన్నగా గ్రహింపబడినదా యనిన, లేదు. 1988లో గుజరాత్ హైకోర్టు పైరీతిగా చదివెను. 1990లో మన యాంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్ణపీఠము, మూసీనది దక్షిణపు టొడ్డుననున్న ఆ యెఱ్ఱని భవనముననే, దానికి విరుద్ధముగా చదివెను: పూర్వభర్త బాధ్యత ఇద్దత్తుతో సరి యని. శాసనము పుట్టిన సందర్భమును బట్టి చూచిన ఆ నిర్ణయము అసంగతము గాదు. వక్త తలంపు నెఱిగి వాక్యార్థము చెప్పుట మాకును సమ్మతమే. కాని వక్త తలంపును తెలిసికొనుటకు శబ్దము కంటె దగ్గఱి త్రోవ యేది? ఆయన మనస్సున నున్నదియు, వాక్యమున లేనిదియు నగు నర్థము శ్రోతను బంధింపజాలదు. పూర్ణపీఠము సందర్భమును చదివినది, విభక్తిని చదువలేదు. పదునొకండేండ్లు మా నగరపు స్త్రీలకు ఆ పాఠమే ప్రమాణముగా నుండెను.

2001 సెప్టెంబరు 28న డేనియల్ లతీఫీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల పీఠము ఈ తగవు తీర్చెను. ‘లోపల’ వేఱు, ‘కొఱకు’ వేఱనియు, ఏర్పాటు వేఱు, భరణము వేఱనియు నందు నిర్ణయింపబడినది. ఇతరవిధముగా చదివినచో శాసనము సమానత్వమునకు భంగకరమై కొట్టుపడిపోవుననియు, శాసనమును బ్రతికించు అర్థమే గ్రాహ్యమనియు వారనిరి. ఫలము నాకు మిక్కిలి సంతోషకరము. అయినను విమర్శకుడనగుటచే నొక మాట చెప్పక తప్పదు. 1985లో ఏ భేదమును పసలేనిదని సుప్రీంకోర్టు త్రోసివైచెనో, 2001లో ఆ భేదమునే యూతగా పట్టుకొని స్త్రీకి మేలు చేసెను. మొదటితీర్పున ‘మతా’ యనగా ఏర్పాటని వాదించినది భర్త. రెండవ తీర్పున ఆ మాటయే భర్త మెడకు చుట్టుకొనెను. మౌల్వీల మాట ‘ఏర్పాటు’ యన్నదానిని మొదటనే మన్నించి, ఆ ఏర్పాటు ఎంత, ఎన్నినాళ్లకు సరిపోవలెనని యడిగియుండినచో, నడుమ నడచిన కలహములో సగము లేకపోయెడిదని నా యభిప్రాయము.

2024 జులై 10నాటి తీర్పు మన తెలంగాణమునుండి పోయిన వ్యాజ్యముపై వచ్చినది. కుటుంబన్యాయస్థానము ఒక స్త్రీకి నెలకు 20,000 రూపాయలిప్పింపగా, హైకోర్టు దానిని 10,000 చేసెను. 1986 శాసనముండగా ముస్లిం స్త్రీకి 125వ సెక్షను వర్తింపదని పూర్వభర్త సుప్రీంకోర్టున వాదించెను. ఇరువురు న్యాయమూర్తులు వేర్వేఱుగ తీర్పులు వ్రాసియు నేకీభవించి, రెండు త్రోవలును ఆమెకు తెఱచియే యున్నవనిరి. ఆ సెక్షనున్న పాత సంహిత అప్పటికి తొమ్మిది దినముల ముందే, అనగా జులై 1న, తొలగి క్రొత్త సంహిత వచ్చినది. నియమము మాత్రము 144వ సంఖ్యతో నట్లే యున్నది. అఖిలభారత ముస్లిం పర్సనల్ లా బోర్డు ఆ తీర్పు షరీయతునకు విరుద్ధమని యా వారముననే తీర్మానించినది. ఆ బోర్డు 1973లో హైదరాబాదుననే స్థాపింపబడినదని యీ సందర్భమున జ్ఞాపకము చేయుట యనుచితము గాదు.

125వ సెక్షనులోనే వైయాకరణుని మనస్సునకు పండుగ యగు మాటయొకటి కలదు. ‘భార్య’ యను పదమున, విడువబడి మరల వివాహమాడని స్త్రీయు చేరునని యందు వివరణము. విడిచిన పిమ్మట భార్య యెట్లగునని కొందఱు వెక్కిరించిరి. మా శాస్త్రమున దీనికి భూతపూర్వగతి యని పేరు. ఇప్పుడు లేకపోయినను, మునుపుండిన స్థితిని బట్టి పేరు పెట్టుట. అంతకంటెను లోతైన సంగతి ధాతువున నున్నది. భృ ధాతువునకు తృచ్ చేరిన భర్త. ణ్యత్ చేరిన భార్య. క్యప్ చేరిన భృత్యుడు. భరించువాడొకడు, భరింపదగినది యొకతె. భరణమనుమాటయు నా ధాతువునదే. కావున హిందువుల వివాహమున పోషణము పదగర్భముననే యున్నదని మనవారు గర్వింతురు. గర్వింపవచ్చును, కాని భార్యకును భృత్యునకును ధాతువొకటే యనియు, భేదము ప్రత్యయమున మాత్రమే యనియు గర్వించువారు మఱవరాదు.

ఇంతవఱకు పొరుగింటి ముచ్చట చెప్పితిని. మన యింట నిట్టిది లేదా? ఉన్నది; అది మఱింత బాధాకరము.

ఈశ్వరచంద్ర విద్యాసాగరులు విధవావివాహము శాస్త్రసమ్మతమని చూపుటకు పరాశరస్మృతిలోని యొక శ్లోకమును ప్రమాణముగ చేసిరి. భర్త కనబడకపోయినను, మరణించినను, సన్న్యసించినను, క్లీబుడైనను, పతితుడైనను, స్త్రీకి వేఱొక భర్త విధింపబడుచున్నాడని దాని తాత్పర్యము. 1856లో విధవావివాహశాసనము వచ్చినది. మన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి విధవావివాహము జరిపించినపుడును పరాశరుని పేరే యాసరా. ఆ శ్లోకమును కాదనుట యెట్లు? స్మృతిని త్రోసివేయరాదు, అర్థము స్పష్టము. అపుడు మావారు, అనగా వైయాకరణులు, రంగమునకు వచ్చిరి.

శ్లోకమున ‘పతౌ’ అను సప్తమి కలదు. పతిశబ్దము సమాసమునందే ఘిసంజ్ఞ పొందునని పాణినినియమము. కావున ఒంటరి పదమునకు ‘పత్యౌ’ యని యుండవలెను. ‘పతౌ’ యనునది అపశబ్దము. ఋషి యపశబ్దము పలుకునా? పలుకడు. కావున ముందున్న ఏకారమునకు పిమ్మట అకారము పూర్వరూపమై మునిగియున్నది, పదము ‘అపతౌ’. సమాసము గనుక రూపము సాధువే. అపతి యనగా సంపూర్ణముగ పతి కానివాడు. వాగ్దానము మాత్రమైన వరుడు. అనగా ఈ శ్లోకము పెండ్లియైన స్త్రీని గూర్చినది కానేకాదు! ఇట్లొక లుప్తాకారముచే విధవావివాహమును మాయము చేసిరి.

విద్యార్థిగా నీ వాదమును మొదటివినుకలిలో నాశ్చర్యముతో చప్పట్లు చఱచితిని. నిజముగ నది చమత్కారమే. కాని చమత్కారము వేఱు, వ్యాఖ్యానము వేఱు. నారదస్మృతిలోను నీ శ్లోకమే యున్నది. పరాశరుడు వెంటనే తరువాతి శ్లోకమున, భర్త మరణింపగా బ్రహ్మచర్యమున నుండు స్త్రీని ప్రశంసించుచు ‘భర్తృ’శబ్దమునే వాడెను; ప్రకరణము వాగ్దత్తను గూర్చినది గాదని స్పష్టము. ఇంతకును పరాశరస్మృతికి వ్యాఖ్య వ్రాసిన మాధవాచార్యులు ఈ యకారమును వెదుకనేలేదు. శ్లోకార్థము నున్నదున్నట్లంగీకరించి, ఇది వేఱొక యుగమునకు చెందిన ధర్మమని త్రోవ చూపిరి. ఆ త్రోవయు నాకు నచ్చదు. కలియుగధర్మములు చెప్పెదనని పూనిన గ్రంథమున యుగాంతరధర్మమేల? అయినను అది నిజాయితీగల తప్పుకోలు. స్మృతులందును పురాణములందును అపాణినీయప్రయోగములు కొల్లలుగా నుండగా, ఒక్క యీ పదముకడ మాత్రము వ్యాకరణము నిద్రలేచుట నిజాయితీ గాదు.

మా పితామహి చెల్లెలు ఎనిమిదవయేట విధవయైనది. నేనెఱిగినపుడామెకు డెబ్బది యేండ్లు. ఇంటివారందఱు భుజించిన పిమ్మట వంటయింటి మూలను కూర్చుండి తినెడిది. నాకు శబ్దమంజరి వల్లెవేయించినదామెయే. ‘పతి’ శబ్దపు రూపములు చెప్పునపుడు సప్తమి కడ ‘పత్యౌ’ యని తడబడక చెప్పితినని నా వీపు తట్టినది. ఆ రూపములోని చిక్కుతో నామె బ్రతుకునకేమి సంబంధమో ఆమెకు తెలియదు. నాకును నాడు తెలియదు.

కావున విభక్తి రెండువైపుల కోయును. వ్యాకరణము చేతనున్నవానికి, తన కోరిక తీర్చు అర్థమును శబ్దములో చూచు ప్రమాదమెప్పుడును కలదు. 1986 శాసనములోని ‘లోపల’ను నేను చదివిన తీరు గూడ నట్టిదే కాదా యని చదువరులడుగవచ్చును. అడుగవలెను. నా సమాధానమిది: ‘అపతౌ’ వాదులు లేని వర్ణమును తెచ్చిపెట్టిరి, ‘లోపల’ యున్న పదము. వారి పాఠము ముందువెనుకల శ్లోకములతో పొసగదు; ఈ పాఠము ఏర్పాటు, భరణము అను ద్వయముతో పొసగుచున్నది. నాల్గవ సెక్షనుతో పొసగునా యనిన, కొంత చిక్కు కలదు. భర్తయే యావజ్జీవమునకు తగిన ఏర్పాటు చేసినచో బంధువులును, వక్ఫుబోర్డును ఏల? ఏర్పాటు చాలకపోయినచో, భర్తకు శక్తి లేకపోయినచో నని చెప్పవచ్చును. ఆ సమాధానము నాకు పూర్తి తృప్తి నియ్యలేదని యొప్పుకొందును.

మతమునకు పరాయిదగు దానిని మతము పేర కాపాడుకొనుటయు మన వివాహశాసనములందు కలదు. 1955నాటి హిందూవివాహశాసనపు తొమ్మిదవ సెక్షను, విడిపోయిన దంపతులలో నొకరు రెండవవారిని కాపురమునకు రప్పింపుమని న్యాయస్థానమునడుగు హక్కునిచ్చును. ఇది ఆంగ్లదేశపు క్రైస్తవధర్మాసనములనుండి వచ్చినది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి. ఎ. చౌదరిగారు అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసిరి; మరుసటియేడే సుప్రీంకోర్టు దానిని నిలిపెను. ఆంగ్లేయులు తమ దేశమున దానిని 1970లోనే రద్దు చేసికొనిరి. మన యింట నింకను సనాతనధర్మమువలె పూజలందుకొనుచున్నది.

ఇక ఖులా. ఈ పదమునకు ధాత్వర్థము ధరించిన వస్త్రమును విడుచుట. తలాఖునకు కట్టు విప్పి వదలుట. దంపతులు ఒకరికొకరు వస్త్రమువంటివారని ఖురాను చెప్పుటచే ఖులా యను పేరెంతయు నొప్పినది. స్త్రీ తన మెహరును మరలనిచ్చి, లేక వదలుకొని, విడిపోవుటయే ఖులా. ప్రశ్నయేమనగా, దీనికి భర్త యంగీకారము కావలెనా? క్రియయందు స్వతంత్రుడైనవాడే కర్తయని పాణినిమతము. భర్త ‘సరే’ యనిన గాని జరుగనిచో, ఖులాయందు స్త్రీ కర్త్రి గాదు, అర్థించునది మాత్రమే. కర్తృత్వము భర్తయందే నిలిచి, ఖులా తలాఖునకు మారుపేరగును. 2025 జూన్ 24న తెలంగాణ హైకోర్టు, అదే మూసీయొడ్డు భవనమున, భర్త సమ్మతి యక్కఱలేదనియు, ముఫ్తీ పత్రము సలహాయే గాని ఆజ్ఞ గాదనియు తీర్పు చెప్పెను. కుటుంబన్యాయస్థానము చూడవలసినది మూడు: ఆమె కోరిక నిజమా, సంధికి యత్నము జరిగెనా, మెహరు మరలనిచ్చుటకామె సిద్ధపడెనా. ఆమెను కర్త్రిగ గుర్తించిన తీర్పిది. శాస్త్రజ్ఞులగు ముఫ్తీలలో పెక్కురు, ముఖ్యముగ హనఫీసంప్రదాయమువారు, భర్త సమ్మతి యావశ్యకమనియే చెప్పుదురు. వారి మాట తేలికగా తీసివేయదగినది గాదు. కాని ముగింపునకు రాని ఖులాలతో పుట్టినింట కాలము గడుపు స్త్రీలను మా వీధిలోనే యెఱుగుదును.

ముమ్మాఱు తలాఖు విషయము శీఘ్రముగ ముగింతును. 2017లో సుప్రీంకోర్టు అది చెల్లదనెను. 2019 శాసనము, పలికినవానికి మూడేండ్లవఱకు చెఱ విధించెను. చెల్లని మాటచే వివాహము తెగలేదు. అనగా శబ్దముండియు నర్థము పుట్టలేదు. అర్థము పుట్టని శబ్దమును శిక్షించుటయు, శిక్షింపబడినవాడింకను భర్తయే యగుటయు, ఆ భర్త చెఱనుండి భరణమంపవలెననుటయు నాకు వింతగ తోచును. ప్రతిషేధము చాలును, దండమధికము.

ఈ వ్యాసపు చిత్తుప్రతిని మా పొరుగుననున్న వృద్ధ మౌల్వీగారికి చదివి వినిపించితిని. ఆయన యరబ్బీ వ్యాకరణమున ఉద్దండులు. మా స్నేహము ఇరువదియేండ్లది. సీబవైహి గొప్పయా, పాణిని గొప్పయా యని మాకు తెగని తగవు. ఆయన అంతయు విని, “పంతులుగారూ, మీ విభక్తి బాగున్నది. కాని మా కితాబును చదువుటకు కచేరీ ఎవరు? రేపు మీ శ్రాద్ధమంత్రమునకు అర్థము చెప్పుటకును వారే కూర్చుందురు. అప్పుడు మీరూరకుందురా?” యనిరి. ఊరకుండనని యొప్పుకొంటిని. రాజ్యాంగపు ఇరువదియైదవ అధికరణము మతస్వాతంత్ర్యమునిచ్చుచునే సంఘసంస్కరణమునకు రాజ్యమునకు త్రోవ విడిచినది. సంస్కరింపవచ్చును, కాని సంస్కరించుచు వ్యాఖ్యాతవేషము వేసికొననక్కఱలేదు. నిరాధారను పస్తుంచరాదని రాజ్యము తన మాటగా చెప్పినచో దానికి ‘మతా’ శబ్దముతో పనియే లేదు. “సాబ్, వారు కితాబు జోలికి రాకుండిన, మీరు భరణమునకొప్పుకొనెడివారా?” యని నేనడిగితిని. ఆయన కొంతసేపు గడ్డము నిమురుకొని, “నా కూతురైనచో నొప్పుకొందును” అనిరి. అంతకుమించి యాయన చెప్పలేదు, నేనడుగలేదు.

రాజీపత్రము “ఇద్దత్తు ముగియులోపల” అని దిద్దుబాటుతోనే పోయినది. పాలమూరునుండి వచ్చిన యాపెద్దాయన ఆ మాటకడ వ్రేలుంచి రెండుమార్లు చదివి సంతకము పెట్టెనని నా శిష్యుడు చెప్పెను. ‘మతా’ ధాతువునకు ప్రాచీనారబ్బీకోశములందున్న ప్రయోగములను వెదకి చూపెదనని మౌల్వీగారు మాటయిచ్చిరి. అవి నా చేతికి వచ్చినతోడనే, వారి యనుమతితో, పై సంచికకు పంపుకొందును.